వాన టైర్లు

టైర్లు మార్చాలన్న విషయంలో ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. ఏ టైర్లు వేయాలన్న దగ్గరే వచ్చింది చిక్కంతా.

కారు ఇద్దరిదీ. కింది వాటాలో ఉండే పెద్దల్లుడిదీ, మేడమీద ఉండే చిన్నల్లుడిదీ. తోడల్లుళ్ళు ఒకే ఇంట్లో ఉండటమే వింత అనుకుంటే, కలిసి కారు కొన్నారని తెలిసి చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. పైగా అది మామూలు కారు కాదు. చూడటానికి నాలుగు తలుపుల సంసారపక్షం బండే కానీ, కాలు కాస్త గట్టిగా ఆనిస్తే వీపు సీటుకు అతుక్కుపోతుంది. సోమ, మంగళ, బుధవారాలు చిన్నల్లుడికి, గురు, శుక్ర, శనివారాలు పెద్దల్లుడికి, ఆదివారం అందరికీ అని పంచుకున్నారు. కారు గురించి ఏ నిర్ణయమైనా ఇద్దరూ ఒప్పుకుంటేనే అని కూడా అనుకున్నారు. పెద్దల్లుడు చెప్పేవాడు, చిన్నల్లుడు ఒప్పుకునేవాడు. అలా ఆ ఒప్పందం ఇన్నాళ్ళూ ఏ గొడవా లేకుండా నడిచిపోయింది.

గురువారం సాయంత్రం పెద్దల్లుడు వాకిట్లో కారు పక్కన గొంతుక్కూర్చుని టైరు గాడిలో వేలు పెట్టి చూపించాడు.

“ఇదిగో తమ్ముడూ, ఈ గాడి మధ్యలో చిన్న దిమ్మె ఉంది చూశావా? టైరు అరిగి అరిగి దాంతో సమానమైపోయింది. ఇంక దీని పని అయిపోయినట్టే.”

చిన్నల్లుడు కూడా కూర్చుని చూశాడు. అతను కళ్ళద్దాల షాపులో అద్దాలు సానపడతాడు. ఏ వస్తువునైనా కంటికి దగ్గరగా పెట్టుకుని చూడటం అలవాటు. టైరు నిజంగానే అరిగిపోయింది. అతను మాత్రం టైరును చూస్తున్నట్టు తల వంచి, దాని మధ్యలో ఉన్న రిమ్మును ఓరగా చూశాడు. అంచు దగ్గర బొటనవేలంత మచ్చ పల్చగా మెరుస్తోంది. ఎండ తగ్గడం మంచిదైంది.

పెద్దల్లుడు జేబులోంచి నున్నటి కాగితం తీసి విప్పాడు. “నేను చూసిపెట్టాను. రేసుల్లో వేసే రబ్బరుకూ దీనికీ అన్నదమ్ముల వరస. మన బండి స్థాయికి ఇదే సరి.”

బొమ్మలో టైరు నల్లగా, నున్నగా ఉంది. దాని మీద గాడులు అక్కడొకటి ఇక్కడొకటి.

“గాడులు తక్కువున్నట్టున్నాయి అన్నయ్యా.”

“తక్కువుంటేనే రోడ్డును కరుచుకుని ఉంటుంది.”

“వాన పడితే?”

పెద్దల్లుడు అతని భుజం మీద ఒకటి చరిచాడు. ఆయన ఊళ్ళో ఈతకొలను దగ్గర పిల్లలకి ఈత నేర్పే కోచ్. చెయ్యి బరువు, గొంతు పెద్దది. “నీళ్ళంటే భయమేంటి తమ్ముడూ? ఒకసారి మా కొలనుకొచ్చి చూడు. ఇంతింత పిల్లలు దూకుతున్నారు.”

చిన్నల్లుడు నవ్వాడు. నవ్వడం తప్ప ఏం చేయాలో తెలియనప్పుడు నవ్వే నవ్వు అది.

విషయం ఏమిటంటే, ఈ వానాకాలం మొదట్లో పడ్డ ఓ జల్లుకి అతనికి భయం పట్టుకుంది. సాయంత్రం కూతుర్ని తీసుకురావడానికి బడికి వెళ్తున్నాడు. వంతెన దిగాక వచ్చే వంపులో స్టీరింగ్ తిప్పాడు. అది తిరిగింది, కారు తిరగలేదు. తన దారిన తాను నేరుగా వెళ్ళి ముందు చక్రంతో రోడ్డు గట్టును రాసుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. వెనకసీట్లో కూతురు పొద్దున వదిలేసిన నీళ్ళ సీసా మాత్రం కిందపడి దొర్లుతోంది. ఆ చప్పుడు ఆగేదాకా కూర్చుండిపోయాడు. పొద్దున ఇదే వంపు తిరిగినప్పుడు ఆ సీట్లో పిల్ల ఉంది.

ఇంటికొచ్చి చూస్తే రిమ్ము గీరుకుపోయి ఉంది. బావగారికీ మరదలికీ మధ్య ఉండే వేళాకోళం సంగతి అటుంచితే, తోడల్లుడి వేళాకోళం భరించడం మహా కష్టం. ఒకసారి దొరికితే జన్మంతా వదలరు. అతను ఇల్లంతా వెతికి, భార్య అద్దం ముందు ఉన్న వెండి గోళ్ళరంగు సీసా పట్టుకెళ్ళి, అద్దాలు సానపట్టే ఓపికంతా పెట్టి పూత మీద పూత వేశాడు. పని బాగానే కుదిరింది. కాకపోతే ఆ రంగులో సన్నని మెరుపులు ఉన్నాయి. ఎండ పడితే చక్రం పేరంటానికి బయల్దేరినట్టు ఉండేది.

అప్పట్నుంచీ వాన పడ్డ రోజున కారు బయటికి తీయడం లేదు. బడి దగ్గర కారు పెట్టే చోటు దొరకడం లేదని చెప్పి, పిల్లను బస్సులో తీసుకెళ్తున్నాడు. ఇప్పుడు ఈ నున్నటి టైర్లు వేస్తే ఇంక వానాకాలమంతా బస్సే. లేదంటే ప్రాణం అరచేతిలో పెట్టుకుని, పిల్లను వెనకసీట్లో పెట్టుకుని, ఆ వంపు తిరగాలి. మూడో దారి, నాకు భయమని నోరు తెరిచి చెప్పడం. మూడూ అతని వల్ల అయ్యేవి కావు.

అతను మెట్లెక్కి పైకి వచ్చేసరికి అక్కడ ఇంకో పంచాయితీ నడుస్తోంది. భార్య చేతిలో గోళ్ళరంగు సీసా ఉంది. సగం కంటే ఎక్కువే ఖాళీ. కూతురు గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“ఇంత రంగు ఎక్కడ పూశావే? నిజం చెప్పు, ఏమీ అనను.”

“నేను ముట్టుకోలేదమ్మా.”

“మరి ఆ బొమ్మ నెత్తిన వెండి కిరీటం ఎక్కడిది?”

“అది కాగితం. కావాలంటే గీరి చూడు.”

“ఎదురు సమాధానం ఒకటి. ఈ ఇంట్లో గోళ్ళకి రంగేసుకునేది ఇద్దరమే. నేను కాదు. మీ నాన్న వేసుకున్నాడా మరి?”

చిన్నల్లుడు చెప్పులు విప్పే మిషతో వంగి, విప్పిన చెప్పుల్నే మళ్ళీ సర్దాడు.

“నాన్నా, నువ్వు చెప్పు,” అంది కూతురు.

చెప్పాలి. చెప్పేస్తే పిల్ల బతికిపోతుంది. కానీ భార్యకు తెలిస్తే కింద అక్కకు తెలియడానికి నిమిషం పట్టదు, అక్కకు తెలిస్తే బావకు అరనిమిషం. అతను “పోనిద్దూ, చిన్న సీసా. పిల్ల...” అని ఆగిపోయాడు.

దాంతో తండ్రి కూడా పిల్లే తీసిందని ఒప్పుకున్నట్టయింది. కూతురు కళ్ళు పెద్దవి చేసి అతని వైపు చూసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. భార్య ఆమె రంగు పెన్సిళ్ళ పెట్టె తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసింది. “రంగు తీసినందుకు కాదు, అబద్ధం ఆడినందుకు. ఎప్పుడు నిజం చెప్తే అప్పుడు ఇస్తాను.”

ఆ రాత్రి అన్నం దగ్గర పిల్ల తండ్రి పక్కన కాకుండా అటు చివర కూర్చుంది.

శుక్రవారం మధ్యాహ్నం భోజన విరామంలో అతను టైర్ల షాపుకు వెళ్ళాడు. షాపు నడిపేది ఓ నడివయసు ఆవిడ. చీర కొంగు నడుముకు దోపుకుని, టైర్ల వరసల మధ్య స్టూలు వేసుకుని కూర్చుంది. అతను కారు వివరం, ఇద్దరి ఒప్పందం, అన్నయ్య చూపించిన రేసు రకం సంగతి చెప్పగానే ఎలాంటి బండో ఆవిడకు తెలిసిపోయింది.

“వెనక చక్రాలు వెడల్పు, ముందువి సన్నం. అందుకని ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చి సరిపెట్టుకోవడం కుదరదు. నాలుగూ ఒకేసారి, ఒకే రకం వేసుకోవాలి. ముందో రకం, వెనకో రకం వేశారనుకోండి, బండికి రెండు బుద్ధులు పుడతాయి. మీరు ఎలాంటి దారిలో తిరుగుతారు?”

“బడి దారండీ. వంతెన దిగాక ఓ వంపు ఉంటుంది. అక్కడ తడి ఎక్కువ.”

“జారిందా?”

“నాకు కాదు,” అన్నాడతను గబుక్కున. “తెలిసినవాళ్ళకి.”

ఆవిడ అతన్ని ఓసారి ఎగాదిగా చూసింది. నవ్వలేదు కానీ, పెదవి మాత్రం కొంచెం కదిలింది. “నా దగ్గరికొచ్చే అందరికీ తెలిసినవాళ్ళకే జారుతుందండీ.”

లేచి ఓ టైరు దొర్లించుకొచ్చి నిలబెట్టింది. నడుమంతా లోతైన కాలువలు, అక్కడ్నుంచి పక్కలకు చీలిన పిల్లకాలువలు. “ఇది వానకి. నీళ్ళు దీని కింద ఉండవు, ఈ గాడుల్లోంచి పక్కకెళ్ళిపోతాయి. ఎండలో ఆ రేసు రకం అంత దూకుడుగా పోదు. ఇద్దరిదీ అన్నారుగా బండి, ఆదివారం పొద్దున ఇద్దరూ రండి. రెండు రకాలూ తీసిపెడతాను.”

అతను ఆ గాడుల్లో వేలు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడిపించాడు. వేలంతా లోపలికి దిగింది. షాపుకు తిరిగి వచ్చాక కూడా, అద్దం సానరాయి మీద పెట్టి నీటిధార వదిలినప్పుడల్లా ఆ కాలువలే గుర్తొచ్చాయి.

శనివారం సన్నటి తుంపర. కూతుర్ని ఈత క్లాసుకు బస్సులో తీసుకెళ్ళాడు. ఆ రోజు కారు పెద్దల్లుడిది. అయినా కొలను గేటు దగ్గర ఆయన సైకిలు కనిపించింది, సీటు మీద ప్లాస్టిక్ సంచి కప్పి ఉంది.

“కారు తీయలేదేం అన్నయ్యా?”

“కాళ్ళకి వ్యాయామం ఉండొద్దూ?” అన్నాడాయన ఈల మెడలో వేసుకుంటూ.

కొలను చుట్టూ ఉన్న ఇనుప రెయిలింగుకు కొన్నాళ్ళుగా ఒక్కో వైపే వెండి రంగు కొడుతున్నారు. ఈ వైపుది ఇంకా పూర్తిగా ఆరలేదు. కూతురు తువ్వాలు దాని మీద వేసి, తీసేసరికి అంచుకు వెండి చార పడింది. “ఇదీ నా మీదికే వస్తుంది,” అంది తండ్రి వైపు చూడకుండా.

నీళ్ళలో ఓ చిన్నపిల్లవాడు గట్టు పక్కనున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని వేలాడుతున్నాడు. పెదాలు వణుకుతున్నాయి. కోచ్ గొంతు కొలనంతా మోగింది. “వదులు. ఏమవుతుంది? నేనున్నానుగా. భయమేంటి, వదులు.” పిల్లవాడు వదల్లేదు. ఆయన వంగి ఒక్కో వేలూ విడదీశాడు. పిల్లవాడు కెవ్వుమని, ఓ గుక్క నీళ్ళు తాగి, తేలాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గట్టు మీద నిలబడ్డ చిన్నల్లుడికి మాత్రం ఆ వేళ్ళు విడదీసినప్పుడు తన వేళ్ళే విడదీసినట్టయింది.

క్లాసయ్యాక ఆయన తుడుచుకుంటూ వచ్చాడు. “ఏంటి తమ్ముడూ, ఏదో చెప్పాలన్నట్టు చూస్తున్నావు?”

రాత్రంతా కూడగట్టుకున్న మాట నోటిదాకా వచ్చింది. “ఏం లేదన్నయ్యా. రేపు షాపుకు ఎన్నింటికి?”

ఆదివారం పొద్దున మబ్బుగా ఉంది కానీ వాన లేదు. కూతురు తానూ వస్తానంది. తాళం వేసిన బీరువా ఉన్న ఇంట్లో కూర్చోవడం ఆమెకు ఇష్టం లేదు. పెద్దల్లుడు కారు నడిపాడు. ఎండిన రోడ్డు మీద మహారాజులా నడిపాడు.

షాపావిడ చెప్పినట్టే రెండు రకాలూ తీసిపెట్టింది. ఫిట్టరు కారును జాకీల మీద పైకి లేపి, గాలి తుపాకీతో చక్రాల బోల్టులు విప్పుతున్నాడు. పెద్దల్లుడు నేరుగా నున్నటి టైరు దగ్గరికి వెళ్ళి దాని మీద అరచేత్తో కొట్టాడు. “ఇదేనండీ. నాలుగూ ఇవే.”

“ఇద్దరూ ఒప్పుకోవాలన్నారుగా,” అంటూ ఆవిడ చిన్నల్లుడి వైపు చూసింది.

“మా తమ్ముడు ఒప్పుకోకపోవడమా? ఏం తమ్ముడూ?”

అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఫిట్టరు ఎడమపక్క ముందు చక్రం దొర్లించుకొచ్చి వాళ్ళ ముందు పడుకోబెట్టి గుడ్డతో తుడిచాడు. తుడిచి, వంగి చూశాడు. “ఇదేంటండీ, రిమ్ము మీద ఏదో పూశారు?”

కూతురు అప్పటికే గొంతుక్కూర్చుని ఉంది. తల అటూ ఇటూ తిప్పి వెలుతుర్లో చూసింది.

“ఇది అమ్మ గోళ్ళరంగు.”

ఆ పిల్ల మెల్లగా తల ఎత్తి తండ్రిని చూసింది. గురువారం సాయంత్రం చూసిన చూపే. ఈసారి ఆ చూపును దాటుకుని పోవడానికి దారి లేదు. చెప్పులు కూడా కాళ్ళకే ఉన్నాయి.

“నేనే పూశానమ్మా,” అన్నాడు. “నువ్వు కాదు. నేనే తీశాను, నేనే పూశాను, నిన్ను తిడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను.” తర్వాత మాట తనంతట తనే వచ్చింది. “వానలో జారిందన్నయ్యా. గట్టుకు కొట్టాను. భయమేసింది. ఇప్పటికీ వేస్తోంది. వాన పడ్డ రోజు పిల్లను బస్సులో తీసుకెళ్తున్నది చోటు దొరక్క కాదు. ఆ నున్నటి టైర్లు వేస్తే నేనింక ఈ బండి ముట్టుకోను.”

చెప్పాక చూస్తే అంత కష్టమేమీ కాదనిపించింది. గుండెల మీద రాయి తీసేసినట్టుంది. పెద్దల్లుడు కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. “గోళ్ళరంగా? తమ్ముడూ, చక్రానికి గోళ్ళరంగు వేశావా? మీ వదినకి చెప్పాలి. ఓరి నాయనో. కాటుక కూడా పెట్టకపోయావా?”

“వెనక చక్రానికీ ఉందండీ,” అన్నాడు ఫిట్టరు.

రెండోది దొర్లుకుంటూ వచ్చి మొదటిదాని పక్కన పడుకుంది. ఎడమపక్కదే, వెడల్పుది. రిమ్ము అంచున అరచేతంత మేర వెండి పూత, మందంగా, ఓ చోట కారి చుక్క కట్టి ఉంది. చిన్నల్లుడు దాన్ని ఇంతకుముందు చూడలేదు. ముందు చక్రం దాచుకునే తొందరలో వెనక చక్రం వైపు కన్నెత్తి చూసిందెప్పుడు?

పెద్దల్లుడి నవ్వు ఆగిపోయింది.

కూతురు దాన్ని గోటితో గీరింది. “ఇందులో మెరుపులు లేవు. ఇది గోళ్ళరంగు కాదు. నా తువ్వాలుకి అంటుకున్నదే ఇది.”

చిన్నల్లుడి చూపు పెద్దల్లుడి చెప్పుల మీదికి పోయింది. కుడి చెప్పు పట్టీ మీద వెండి చుక్క ఒకటి ఎండి అతుక్కుపోయి ఉంది. ఆయన కూడా అటే చూశాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు. అంత భారీ మనిషీ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

చిన్నల్లుడి నాలుక చివరిదాకా వచ్చింది ఓ మాట. నీళ్ళంటే భయమేంటన్నయ్యా అని ఒక్కసారి అంటే చాలు, ఇన్నేళ్ళ బాకీ తీరిపోతుంది. కానీ ఆయన మొహం చూస్తే, కొలనులో కడ్డీ పట్టుకుని వేలాడిన పిల్లవాడి మొహమే. ఆ మాట మింగేశాడు.

“ఎప్పుడన్నయ్యా?”

“నీకంటే ముందే అనుకుంటా.”

“ఎక్కడ?”

“వంతెన దిగాక.” ఆయన గొంతు మొదటిసారి మామూలు మనిషి గొంతంత అయింది. “వెనక భాగం మొత్తం తిరిగిపోయింది తమ్ముడూ. బండి ఎటు చూస్తోందో నాకు తెలియలేదు. ఒళ్ళంతా చల్లబడిపోయింది. ఆ తర్వాత తుంపర పడినా సైకిలే.”

“మరి ఈ నున్నటి టైర్లెందుకు?”

పెద్దల్లుడు మెడ వెనక గోక్కున్నాడు. “వానకి పనికొచ్చేవి కావాలంటే, ఎందుకని అడుగుతావుగా. నువ్వు అడిగితే ఏం చెప్పను? రోజూ పిల్లలకి భయమేంటి భయమేంటని అరిచేవాడిని.”

చిన్నల్లుడికి నవ్వొచ్చింది. తర్వాత ఆయనకూ వచ్చింది. ఇద్దరూ పడుకోబెట్టిన చక్రాల మధ్య నిలబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వారు. ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే వంపులో ఒకే గట్టును గుద్ది, ఒకే రంగు వెతుక్కున్నారు. నవ్వక ఏం చేస్తారు?

“తెలిసినవాళ్ళు ఇద్దరన్నమాట,” అంది షాపావిడ. కాలితో నున్నటి టైర్లను గోడ వైపు జరిపేసింది. “వాన రకమేగా?”

“వానవే,” అన్నారు ఇద్దరూ. ఆ కారు విషయంలో ఇద్దరూ ఒకేసారి ఒకే మాట అనడం అదే మొదలు.

ఫిట్టరు పాత టైర్లు ఊడబెరికి, రిమ్ముల అంచుకు సబ్బునీళ్ళు రాసి, కొత్తవి ఎక్కించాడు. గాలి పట్టాక టైరు ఠప్పుమని రిమ్ములో కూర్చున్నప్పుడల్లా పిల్ల చెవులు మూసుకుని నవ్వింది. చక్రాలను తిప్పి చూసే యంత్రం మీద పెట్టి, తూకం సరిపోయేలా చిన్న బరువులు అంటించాడు. రిమ్ములు గీకి సరిచేయమంటారా అని అడిగితే, మచ్చలు అలాగే ఉండనీ అన్నాడు పెద్దల్లుడు. వెళ్ళేముందు ఆవిడ హెచ్చరించింది. “కొత్త రబ్బరు మీద నూనె పొర ఉంటుంది. మొదట్లో నాలుగు రోజులు నిదానంగా పోండి. మీకు చెప్పక్కర్లేదనుకోండి.”

ఇంట్లో విచారణ మళ్ళీ జరిగింది. ఈసారి బోనులో ఇద్దరు పెద్దమనుషులు. అక్కచెల్లెళ్ళిద్దరూ మెట్ల మీద కూర్చుని కథంతా రెండుసార్లు చెప్పించుకున్నారు. “అందుకా తుంపరలో సైకిలు తొక్కడం? నేనింకా పొట్ట తగ్గించుకోవడానికేమో అనుకుని సంబరపడ్డాను,” అంది అక్క. చెల్లెలు మాత్రం నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, లేచి పైకి వెళ్ళి, పెన్సిళ్ళ పెట్టె తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టింది. “నిజమే చెప్పావే. నమ్మాల్సింది, నమ్మలేదు. తప్పు నాదే.”

పిల్ల పెట్టె తెరిచి పెన్సిళ్ళన్నీ ఉన్నాయో లేవో చూసుకుంది. తర్వాత తండ్రిని చూసింది. “నాన్నకి శిక్ష లేదా?”

“నువ్వే వెయ్యమ్మా,” అన్నాడతను. ఎంత పెద్ద శిక్షయినా ఈ పూట తేలిగ్గానే ఉంటుందనిపించింది.

పిల్ల వెళ్ళి గోళ్ళరంగు సీసాలో మిగిలింది తెచ్చింది. తండ్రి బొటనవేలు పట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, శ్రద్ధగా పూత వేసింది. తర్వాత పెదనాన్న వైపు తిరిగింది. “నాదీనా? నేను నీ మీద ఏమీ చెప్పలేదుగా,” అంటూనే ఆయన చెయ్యి చాపాడు. ఆ చేతికి సీసా దాదాపు ఖాళీ అయింది.

సోమవారం తెల్లవారుతూనే వాన పట్టుకుంది. చిన్నల్లుడు తాళం తీసుకుని కిందికి దిగేసరికి పెద్దల్లుడు గొడుగుతో కారు పక్కన నిలబడి ఉన్నాడు. “నన్నూ కొలను దగ్గర దింపు తమ్ముడూ. ఈ వానలో సైకిలేం తొక్కుతాను,” అని ముందుసీట్లో కూర్చున్నాడు. పిల్ల సంచీతో వెనక కూర్చుంది.

వంతెన ఎక్కేదాకా కబుర్లు సాగాయి. దిగడం మొదలైంది. అద్దం మీద వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. చిన్నల్లుడు వేగం తగ్గించాడు. వంపు వచ్చింది. రోడ్డు మీద నీళ్ళు పల్చగా పరుచుకుని ఉన్నాయి. స్టీరింగ్ తిప్పాడు. కారు తిరిగింది. ఏ ఆర్భాటమూ లేకుండా, చెప్పిన మాట విన్నట్టు తిరిగింది. చక్రాల కింద నీళ్ళు చెరో పక్కకు చీలిపోతున్న చప్పుడు వినిపించింది, అంతే. గట్టు అద్దంలో వెనక్కి వెళ్ళిపోయింది.

అమ్మయ్య అనుకున్నాడతను. గట్టిగానే అన్నాడేమో కూడా.

పక్కకు చూస్తే పెద్దల్లుడు రెండు కళ్ళూ మూసుకుని, తలుపు పైనున్న పిడిని పట్టుకుని ఉన్నాడు. ఆయన బొటనవేలి గోరు వెండిలా మెరుస్తోంది. వెనకసీట్లోంచి పిల్ల ముందుకు వంగి ఆయన చేతి మీద చెయ్యి వేసింది.

“పెదనాన్నా, వంపు అయిపోయింది. ఇంక వదలొచ్చు.”

ఆయన కళ్ళు తెరిచి రోడ్డును చూశాడు. పిల్ల తొందరపెట్టలేదు. కాసేపటికి ఒక్కో వేలూ తనే తీసి, చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.